ఆదివారం కుట్టు

విజయ కుమారి ఉదయం ఐదింటికి లేచి, బైబిల్లో ఒక అధ్యాయం చదివి, టీ తాగి, సూదిలో దారం ఎక్కిస్తుంది. ఎల్గిన్ రోడ్డు సందులోని బాలే డాన్సు క్లాసులో ఆమెది తలుపు దగ్గర ఉద్యోగం. పిల్లల జోళ్లు కూడా ఆమే బాగుచేస్తుంది. మునివేళ్ల మీద నిలబడే ఆ జోళ్లకు కొన తొందరగా చిరుగుతుంది. లావుపాటి నూలుదారంతో చుట్టూ వరసలు కుడితే కాలు జారదు. తొమ్మిదేళ్లలో ఆమె కుట్టిన వరస ఒక్కటీ ఊడలేదు.

సాయంత్రం ప్రార్థనకు ముందు నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకుంటుంది. ఎనిమిదో తరగతి చదువు, పొడుగు మాటలు రావు. ‘సినిమాలో ఆ పిల్ల అరగంట ఏడ్చింది, కాటుక చెదరలేదు. నేను నమ్మను.’ ‘చర్చి లైబ్రరీ నవలలో యాభై పేజీలు వానే. ఒక్కరికీ గొడుగు లేదు.’ ‘బాలేలో చచ్చిపోయే పిల్ల కూడా మునివేళ్ల మీదే ఉంది. కష్టం మొహంలో చూపించలేదు. మనిషి అలా బతకాలి.’

ఆమె కుట్టిన జోళ్లకు ఒక పద్ధతి ఉంది. తొడుక్కునే పిల్ల సాధన ఎగ్గొడితే అవి క్లాసు అలమరలోంచి దిగి, బస్సెక్కి, ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్సులో ఆమె ఇంటికి వచ్చేస్తాయి. కండక్టర్లు వాటిని కిటికీ పక్కన కూర్చోబెడతారు. ఆమె వాటిని దులిపి, తీసుకెళ్లి ఆ పిల్ల చేతిలో పెట్టి, ఏమీ అనకుండా చూస్తుంది. ఆ చూపుకే సగంమంది దారిలో పడ్డారు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి కింది వాటా సత్యారావు మెట్ల మీంచి కేకేశాడు. "అక్కా! మీ సుట్టాలొచ్చినారు. పాపం, ఈపాలి తడిసిపోయినారు."

గుమ్మంలో నిలబడిన జోళ్లను చూసి విజయ కుమారి చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. అవి తన కూతురు రేబెకావి. ఆ రోజు పదకొండింటికే పరీక్ష. బెంగళూరు నుంచి సమీర అనే ఆవిడ వచ్చి, ఒకే ఒక్కరిని ఎంచుకుని రెండేళ్లు నేర్పడానికి తీసుకెళుతుంది. రేబెకాకు పంతొమ్మిది నిండాయి. ఇరవై వస్తే తీసుకోరు. ఆ పిల్లకు ఇదే ఆఖరు.

"ఏటే ఇది? ఎక్కడ తిరిగినావు?"

"ఎక్కడా తిరగలేదమ్మా. నిన్న కూడా నాలుగు గంటలు సేసినాను."

"జోళ్లు అబద్ధం ఆడవు."

"అయితే నానాడతన్నానేటి?" రేబెకా కాళ్లు ముందుకు చాపింది. వేళ్లకు ప్లాస్టర్లు, మడమ మీద పుండు. "సూడు. ఇయ్యి సినిమాలకెళ్లిన కాళ్లా?"

కూతురు ఏ రోజు ఎప్పుడు ఇల్లు చేరిందో నోటుబుక్కులో ఉంటుంది. తప్పు పట్టుకుందామని విజయ కుమారి పేజీ తిప్పింది. వేలు ఒక వరుస మీద ఆగిపోయింది. ‘ఆదివారం. ఆరాధన నుంచి వచ్చాక రేబెకా జోళ్లకు ఇంకో రెండు వరసలు కుట్టాను. అందరికన్నా గట్టిగా ఉండాలి.’

ఆదివారం దేవుడి రోజని ఆ ఇంట్లో సూది పట్టరు. గుండీ ఊడినా పిన్నీసు పెట్టుకుని చర్చికి వెళతారు. ఈ విషయంలో ఆమె మందలించని ఆడమనిషి ఆ క్వార్టర్సులో లేదు.

"అయ్యి నన్ను పట్టుకోడానికొచ్చినాయి. తప్పు నాది," అంది. కూతురితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"పోనీలేమ్మా, ఏసుకుని ఎల్లిపోతాను. టైమైపోతాది."

"కుదరదు. ఇప్పి మళ్లీ కుడతాను."

"రెండు వరసలే కదే!"

"రెండు వరసలే."

పై వరస విప్పితే కిందివీ వదులయ్యాయి. కొనంతా మళ్లీ కుట్టాల్సి వచ్చింది. వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంది. తొందరపడి ఒక్క కుట్టూ ఎడంగా వేయలేదు. వాళ్లు బస్సు దిగేసరికి పదకొండు దాటి పది నిమిషాలైంది.

తలుపు మూసి ఉంది. వేళ దాటాక ఎవరినీ లోపలికి వదలకూడదు. ఆ నియమాన్ని ఇన్నాళ్లూ కాపాడింది విజయ కుమారే. రెండో తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది.

రేబెకా సంచి వైపు చూసింది.

"నిరుడు వానలో వచ్చిన పిల్లని ఐదు నిమిషాల ఆలస్యానికే ఎనక్కి పంపినాను," అంది తల్లి. "దానికీ ఓ అమ్ముంది."

రేబెకా మెట్టు మీద కూలబడింది. ఏడవలేదు. జోళ్లు పక్కన పెట్టి మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

జోళ్లు లేచాయి. తలుపు కింది సందులోంచి ఒకదాని వెనక ఒకటి నలుగుతూ దూరి లోపలికి పోయాయి. విజయ కుమారి ఆపలేదు. నియమం మనుషులకే రాసి ఉంది.

లోపల పియానో ఆగి, మళ్లీ మొదలైంది. ఆమె తాళపు కన్నంలోంచి చూసింది. హాలు మధ్య ఖాళీ జోళ్లు, రేబెకా ఏళ్ల తరబడి పడి, లేచి, దిద్దుకున్న అడుగులన్నీ వరసగా వేస్తున్నాయి. ఎడమకు తిరిగేటప్పుడు రేబెకా ఒక పిసరు తడబడుతుంది. అవీ తడబడ్డాయి. కొన మీద నిలబడినప్పుడు పొద్దుటి కుట్టు నేలను గట్టిగా పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. సమీర చేతిలో పేర్ల కాగితం ఉంది. "ఆ కాళ్లు ఎవరివమ్మా?"

విజయ కుమారి పక్కకు జరిగింది. తలుపు దగ్గరి మనిషి సిఫారసు చేయకూడదు.

రేబెకా లేచి నిలబడింది. "నావి మేడమ్. ఆలస్యంగా వచ్చాను."

"ఎడమకు తిరిగేటప్పుడు భయపడుతున్నావు. ఆ భయం బెంగళూరులో నేను పోగొడతాను," అంది సమీర కాగితం మీద రాసుకుంటూ. "లోపలికొచ్చి వాటిని ఆపు. ఇంకా ఆడుతూనే ఉన్నాయి."