ఇటుకల డబ్బాలో జోలపాట

మిషను మీది ఎర్ర మఖమల్ గుడ్డ తీసి, దులిపి, మడత పెట్టి స్టూలు మీద ఉంచాడు అబ్దుల్ ఖాదర్. అగ్గిపుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచాడు. క్యాసెట్ డెక్కు మూత తెరిచి, లోపల టేపు ఒరుసుకుని పోయే హెడ్డును మెల్లగా తుడిచాడు. దూదికి గోధుమరంగు మరక అంటింది. నిన్నటి పాటలు వదిలిన మురికి అది. మిషను హెడ్డుకు రోజూ ఇంత సేవ చేసే మనిషి సొంత హెడ్డుకు దువ్వెనతో పనిపడి చాలా కాలమైంది.

పేరు ఖాదరే గాని ఒంటిమీద ఏనాడూ ఖద్దరు లేదు. టెరికాటన్ చొక్కా, మోకాళ్ల దగ్గర పలచబడిన ప్యాంటు, కుడి చెవి వెనక ఒక పెన్సిలు. ఊడిన రీలును పెన్సిలుతో తిప్పి మళ్లీ క్యాసెట్‌లోకి ఎక్కించడం ఆయన విద్య. ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా గోపయ్య సేట్ పాటల దుకాణంలో ఎందరికో రికార్డు చేసి ఇచ్చాడు. తాను మాత్రం ఏ రికార్డులోకీ ఎక్కలేదు.

అంతకుముందు పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టేవాడు. ఎలక్షన్ల జీపు మీద మైకు భోంగా పక్కన కూర్చుని ఊరూరా తిరిగిన ఒక ఎండాకాలంలో ఎడమ చెవి కాస్తా ఆయనకు ఎడమైపోయింది. అప్పటి నుంచి ప్రపంచమంతా స్టీరియోలో వింటుంటే ఖాదర్ ఒక్క పక్కనే వింటూ వచ్చాడు. దాని గురించి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆయనకు తెలిసిన చరిత్ర ఒకటే, పాట చిన్నదవుతూ రావడం. పళ్లెమంత గ్రామఫోను ప్లేటులో ఉన్న పాట పెద్ద చక్రాల రీలులోకి దిగింది. ఆ రీలులోంచి అరచేతిలో పట్టే క్యాసెట్‌లోకి దూరింది. ప్రతిసారీ దాన్ని పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి మార్చింది ఖాదరే. అందుకే ఆ పొద్దున వలసకూలి యాదలక్ష్మి వచ్చి చేతిరుమాలు విప్పినప్పుడు ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఖాదర్ మామా, గీ డబ్బల పాట ఎక్కుతదా?"

రుమాలులో బూడిదరంగు డబ్బా ఉంది. సబ్బుబిళ్ల కంటే కొంచెం పెద్దది. ముందు చిన్న అద్దం, ఒక మూల పగిలింది. అద్దం కింద నల్లటి బొత్తాలు. వెనక గూట్లో అగ్గిపెట్టె అంత బిళ్ల ఒకటి. లాగితే ఊడింది, తోస్తే కూర్చుంది. అచ్చం క్యాసెట్టే, కాకపోతే ఇంకా పెరగని పసి క్యాసెట్.

"ఏడ దొరికింది బిడ్డా?"

"బొంబాయిల. మేం ఇటుకలు మోసిన బిల్డింగుల దిగినోళ్ల పిల్లలు ఆడుకునేదట, పారేసిండ్రు. అద్దం పలిగిందని. సూడు, మోగుతది."

బొత్తాం నొక్కింది. డబ్బా టుయ్ టుయ్‌మంటూ ఏదో పాట అందుకుంది. అద్దంలో పైనుంచి చిన్న చిన్న ఇటుకలు జారిపడసాగాయి.

గల్లా దగ్గర నుంచి గోపయ్య మెడ చాచాడు. "ఓ పిల్లా! ఆడ మోసింది సాలలేదా? జేబుల పెట్టుకొని గూడ తెచ్చినవా ఇటుకలు?"

"నవ్వకు సేటూ." యాదలక్ష్మి నవ్వలేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. నెత్తిమీద తట్టలు మోసి మోసి నడినెత్తిన జుట్టు పలచబడింది. "నా బిడ్డకు రెండేండ్లు. నేను పాడంది పండదు. పోయినసారి నేను పోయినంక ఏడ్సి ఏడ్సి జరమొచ్చి దవాఖానల పడ్డది. మా అవ్వకు పాడొస్తలేదు, గొంతు కూసున్నది. గీ డబ్బ మోగితే మాత్రం పొల్ల సప్పుడు జెయ్యకుంట ఇంటది, పండుకుంటె గూడ పట్టుకొనే పండుకుంటది. గీ టుయ్ టుయ్ తీసేసి నా పాట ఎక్కియ్యి మామా. పొద్దుమీకి కురుమయ్య మేస్త్రీ లారీ వస్తది. మళ్ల బొంబాయికి ఎక్కాలె."

"ఎక్కుతది. ఎందుకెక్కదు?" అన్నాడు ఖాదర్. దుకాణంలో ఏ పనినీ కాదని పంపిన అలవాటు ఆయనకు లేదు. "నువ్వు సామాన్లు సదురుకొని రాపో. అప్పటిదాంక నేను దీన్ని తయారు చేస్త."

తయారు చేయడం అంటే ముందు పాత పాటను చెరపాలి. చెరపాలంటే రీలు కనిపించాలి. ఖాదర్ సన్న స్క్రూడ్రైవర్‌తో బిళ్ల విప్పాడు. లోపల రీలు లేదు. చక్రాలు లేవు. పచ్చటి రేకు ఒకటి, దాని మీద నల్లటి పురుగులాంటిది ఒకటి పడుకుని ఉంది. బిళ్లను బోర్లించి తట్టాడు. ఏమీ రాలలేదు. వాసన చూశాడు. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. మరి పాట ఎక్కడ కాపురముంటుంది? ఇల్లుంది, తలుపుంది, సంసారం లేదు.

మళ్లీ బిగించి నొక్కాడు. టుయ్ టుయ్.

డబ్బా పక్కన ఇయర్‌ఫోను పెట్టే బొక్క కనిపించింది. ప్రాణం లేచి వచ్చింది. పాట బయటికి వచ్చే దారి ఉన్నప్పుడు అదే దారిన లోపలికి ఎందుకు పోదు? డెక్కు నుంచి వైరు తీసి బొక్కలో గుచ్చాడు. ఏదో క్యాసెట్ వేసి, అటు పాట పూర్తిగా పోనిచ్చాడు. పాట ఎంతసేపో పనీ అంతసేపే, తొందర చేస్తే ఒప్పుకోదు. వైరు పీకి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

టుయ్ టుయ్.

ఇంకోసారి గుచ్చాడు. ఈసారి సౌండు పెంచాడు. పాట ఎక్కించే మనిషికి ఇన్ని పాట్లు ఎప్పుడూ రాలేదు. టిఫిన్ డబ్బాలో భార్య షరీఫున్నీసా పెట్టిన రొట్టె ఎండిపోయింది.

"ఏమాయె ఖాదర్ భాయ్?" అన్నాడు గోపయ్య.

"సమజ్ ఐతలేదు సేట్. అన్నీ బయటికొచ్చుడే ఉన్నది. లోపటికి పోవుడు లేదు."

"మా బామ్మర్ది లెక్కనా? గాయనకు మాట బయటికొచ్చుడే, లోపటికి పోదు."

ఖాదర్ నవ్వలేదు. బొత్తాలు నొక్కి చూశాడు. ఇటుకలు పక్కకు జరిగాయి, తలకిందులయ్యాయి, ఒకదాని మీద ఒకటి పేరుకుని అద్దం పైఅంచు దాకా వచ్చాయి. పాట ఆగిపోయింది. గోడ నిండగానే పాట ఎందుకు చచ్చిపోయిందో కూడా ఆయనకు అర్థం కాలేదు.

ఎండ వాలే వేళకు యాదలక్ష్మి వచ్చింది. చేతిలో మూట, పక్కన నీళ్ల క్యాను. పిల్ల నిద్రపోతుండగానే ఇంట్లోంచి జారుకుని వచ్చింది. లేచి ఉంటే కొంగు వదలదు. ఖాదర్ డెక్కులో ఖాళీ క్యాసెట్ పెట్టి, మైకు ఆమె ముందుంచాడు. ముందు క్యాసెట్‌లోకి, అక్కడి నుంచి డబ్బాలోకి అని చెప్పాడు. ఆమె నోరు తెరిచింది. గోపయ్యను చూసి మూసింది.

"సేట్, జర చాయ్ తాగి రాండ్రి," అన్నాడు ఖాదర్.

"నా దుకాణంలకెల్లి నన్నే ఎల్లగొడ్తవా!" అంటూనే గోపయ్య చెప్పులు తొడుక్కున్నాడు.

అయినా పాట రాలేదు. యాదలక్ష్మి మొదలుపెట్టి ఆగింది, మళ్లీ మొదలుపెట్టి ఆగింది. రెండు చేతులూ ఏం చేయాలో తెలియనట్టు గాలిలో ఉండిపోయాయి.

"వస్తలేదు మామా. పిల్ల బుజం మీద లేంది మాటలే యాదికొస్తలెవ్వు."

ఖాదర్ చుట్టూ చూశాడు. స్టూలు మీది ఎర్ర మఖమల్ గుడ్డ తీసి, పొడుగ్గా చుట్టి, ఒక కొసను గుండ్రంగా లోపలికి దోపి ఇచ్చాడు. చుట్టడం ఎవరు నేర్పారో ఆయనకే తెలియదు. ఆయన ఇంట్లో ఊయల కట్టడానికి గట్టి దూలం ఉంది. ఊయల అవసరం మాత్రం పడలేదు.

యాదలక్ష్మి దాన్ని భుజాన వేసుకుంది. అరచేయి దానంతటదే తట్టడం మొదలుపెట్టింది. ఒళ్లు ఊగింది. పాట వచ్చింది.

"పండవే నా తల్లి పచ్చజొన్న కంకీ,
వానొచ్చె యాళ్లకు వస్తనే, పండూ..."

ఆ పండు అన్న మాటలో నిద్ర ఉంది, పంటా ఉంది. ఆమె తట్టినప్పుడల్లా మిషను మీద ముల్లు లేచి పడుతోంది. ఖాదర్ కుడి చెవికి హెడ్‌ఫోను నొక్కుకుని తల వంచుకున్నాడు. ఆ పాట ఇంకో చెవిలోకీ వెళ్తే బాగుండునని మొదటిసారి అనిపించింది.

పాట అయిపోయింది. యాదలక్ష్మి ఇంకా కొంచెంసేపు తట్టింది. తర్వాత వంగి, గుడ్డ తలకింద ఒక చేయి ఉంచి, దాన్ని స్టూలు మీద పడుకోబెట్టింది. కింద ఇరుక్కున్న చేతిని మెల్లమెల్లగా లాక్కుంది.

బయట లారీ హారన్ కొట్టింది. "ఓ యాదీ! వస్తవా, ఇడిసిపెట్టి పోవాల్నా?" కురుమయ్య గొంతు.

ఆమె మూట ఎత్తుకుంది. "ఎక్కిందా మామా?"

"ఎక్కింది."

"డబ్బలనా?"

ఖాదర్ బల్ల మీది బూడిదరంగు డబ్బాను చూశాడు. "డబ్బలనే బిడ్డా. నువ్వు పైలంగ పో."

"మా అవ్వ బాలనర్సమ్మ రేపు అంగడికొస్తది. గామెకియ్యి." గడప దాటి వెనక్కి తిరిగింది. "మంచిగ వినొస్తదా?"

"నువ్వు పక్కనున్నట్టె."

లారీ కదిలింది. వెనక తట్టలు, పారలు, వాటి మధ్య మనుషులు. యాదలక్ష్మి ఎటు కూర్చుందో దుమ్ములో కనిపించలేదు.

చాయ్ తాగి వచ్చిన గోపయ్య డబ్బా నొక్కాడు. టుయ్ టుయ్. "లారీ కాడ పిల్ల చెప్పింది, ఎక్కిందన్నవట?"

"ఆమె ఎక్కింది గద సేట్, లారీ."

ఖాదర్ లేచి అరలోంచి తన సొంత టేపురికార్డర్ దించాడు. చిన్నది, ఒక్క స్పీకరుది. ఆయన ఒక్క చెవికి ఇది చాలని షరీఫున్నీసా ముచ్చటపడి కొన్నది. యాదలక్ష్మి క్యాసెట్ అందులో పెట్టాడు. బూడిదరంగు డబ్బాను దాని వీపు మీద కూర్చోబెట్టి, నల్ల టేపుతో చుట్టూ చుట్టాడు. డబ్బా సౌండు చక్రాన్ని పూర్తిగా తగ్గించాడు. పైన ఒకటి నొక్కాడు, కింద ఒకటి నొక్కాడు. అద్దంలో ఇటుకలు చప్పుడు లేకుండా రాలుతుంటే, వాటి కిందినుంచి యాదలక్ష్మి పాడింది.

"పిల్లను మోసం జేస్తున్నవ్ ఖాదర్ భాయ్."

"ఏమో సేట్. మోసమో ఏందో నాకు సమజ్ ఐతలేదు." ఖాదర్ నల్ల టేపు అంచును గోటితో అదిమాడు. "గొంతైతె ఆమెదే గద. నా టేపురికార్డర్ ఏదని ఇంటికాడ షరీఫు అడిగితె ఏం జెప్పాల్నో, గది ఆలోచిస్తున్న."

చీకటి పడుతోంది. గోపయ్య షట్టరు సగం దించాడు. "మిషను మీద గుడ్డ కప్పు. దుమ్ము పడ్తది."

ఖాదర్ స్టూలు దాకా వెళ్లి వంగాడు. చేయి చాచాడు. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"పడనీ సేట్. రేపు తుడుస్త," అన్నాడు, ఎందుకో గొంతు తగ్గించి. షట్టరు కూడా చప్పుడు కాకుండా దించాడు.

లోపల స్టూలు మీద, వీపున అరచేయంత మేర అణిగి, ఎర్ర మఖమల్ గుడ్డ ఒత్తిగిలి పడుకుని ఉంది.