అసలు తప్పూ దొంగ తప్పూ

మా అత్తగారింట్లో తప్పు పడిన నాణేనికి ఉన్న మర్యాద తప్పు చేయని మనిషికి లేదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకీ సంగతి తెలిసిపోయింది. మా ఆయన నాణేలు సేకరిస్తారు. అవి మామూలు నాణేలు కావు, టంకశాలలో అచ్చు వేసేటప్పుడు పొరపాటున తేడాగా తయారైనవి. బొమ్మ పక్కకి జరిగినవి, ఒకే మాట రెండుసార్లు పడ్డవి, వేరే నాణేనికి ఉంచిన బిళ్ల మీద అచ్చైనవి.

"తప్పు టంకశాల గడప లోపల జరిగితే అపురూపం. గడప దాటాక జరిగితే ఉత్త డొక్కు" అని పెళ్లికి ముందే నాకు చెప్పారు. తప్పుల గురించి ఇంత ముద్దుగా మాట్లాడే మనిషి నా తప్పులకి మాత్రం ఏం కోప్పడతాడులే అని వెంటనే ఒప్పేసుకున్నాను.

మాకో లాండ్రీ ఉంది. పెత్తనం అత్తయ్యది, ఇస్త్రీ మా ఆయనది, వచ్చినవాళ్లతో కబుర్లు నావి. ఒకరోజు దుకాణం ఊడుస్తుంటే ఆయనకి ఒక నాణెం దొరికింది. మామూలుదానికంటే చిన్నగా ఉంది, చుట్టూ అంచు మాత్రం గట్టు కట్టినట్టు లావుగా ఉంది.

"వేరే బిళ్ల మీద పడిందోయ్!" అంటూ నన్ను ఎత్తి గిర్రున తిప్పేశారు.

"దించరా దాన్ని, చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అంది అత్తయ్య.

ఆయన సంతోషానికి కారణం ఉంది. నాణేల సంఘంలో చేరాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. చేరాలంటే అసలైన తప్పు ఒకటి తెచ్చి అందరి ముందూ నెగ్గించుకోవాలి. కిందటిసారి రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం పట్టుకెళ్లారు. సంఘం పెద్ద, అందరూ భూతద్దం తాతగారనే ఆయన, అంచు లోపల వెంట్రుకంత అతుకు చూపించి, "నాయనా, ఇది గారడీవాళ్ల సరుకు. రెండు నాణేలు కోసి అతికించారు" అన్నారట. హాలంతా ఒకటే నవ్వులట. ఇంకోసారి దొంగ తప్పుని అసలుదని వాదిస్తే మళ్లీ గుమ్మం తొక్కనివ్వమని కూడా చెప్పి పంపారట.

అందుకే ఆ ఆదివారం ఆయన పెళ్లికొడుకైన రోజుకంటే శ్రద్ధగా తల దువ్వుకుని బయల్దేరారు.

ఆయన అటు వెళ్లారో లేదో, దుకాణంలో బట్టలారబెట్టే పెద్ద డ్రయ్యర్ గడగడమని గోల మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చి డ్రమ్ము పైకి లాగాడు. దాని అంచుకీ బయటి రేకుకీ మధ్య సందులోంచి నాణేలు జలజలా రాలాయి. జనం జేబుల్లో మర్చిపోయిన చిల్లర! డ్రమ్ము తిరిగినప్పుడల్లా అంచులు నలిగి నలిగి, అన్నీ చిన్నవై, చుట్టూ గట్టు కట్టి కూర్చున్నాయి.

అత్తయ్య ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూసింది. "అమ్మాయ్, నీ మొగుడి అపురూపానికి ఇంతమంది తోబుట్టువులున్నారే!"

నాణేలన్నీ చేతిసంచీలో పోసుకుని సంఘం హాలుకి పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి ఆయన బల్ల ముందు నిలబడి ఉత్సాహంగా చెప్పుకుపోతున్నారు. తాతగారు నాణేన్ని భూతద్దం కింద పెట్టుకుని వింటున్నారు. నేను వెనకనుంచి వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను.

అదే నేను చేసిన పొరపాటు. లాండ్రీలో అత్తయ్య ఎదుట మాట్లాడుకునే వీల్లేక మేమిద్దరం సైగల భాష ఒకటి పెట్టుకున్నాం. అందులో తల అడ్డంగా ఊపితే 'ఇక్కడ కాదు, వెనక గదిలోకి రా' అని అర్థం!

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మెలికలు తిరుగుతూ 'కాసేపాగు' అన్నట్టు కన్ను కొట్టారు. నేను కంగారుగా ఇంకా గట్టిగా ఊపాను. ఆయన ఇంకా మురిసిపోయారు.

"ఎవరికయ్యా కన్ను కొడుతున్నావు?" అన్నారు తాతగారు తలెత్తకుండానే. "సూటిగా చెప్పు. ఈ తప్పు టంకశాలలో జరిగిందా, బయటా?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఇక సైగలతో లాభం లేదు.

"ఏమండీ! అది మన డ్రయ్యర్ పనే!" అని అరిచి, సంచీ బల్ల మీద బోర్లించాను.

ఆయన నాణేల గుట్ట వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. మొహంలో రంగులు మారుతుంటే, భూమి నోరు తెరిచి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

ఆయన మాత్రం భూతద్దం అడిగి తీసుకున్నారు. ఒక్కొక్కటీ తన నాణెం పక్కన పెట్టి చూశారు.

"ఇది అసలుది కాదండీ" అన్నారు చివరికి. "చిన్న బిళ్ల మీద పడితే చివరి అక్షరాలు అసలు అచ్చే కావు, తెగిపోతాయి. ఇక్కడ అక్షరాలన్నీ ఉన్నాయి, అంచు కింద నలిగి దాక్కున్నాయి. నేను మురిసిపోయానే గానీ సరిగ్గా చూడలేదు."

తాతగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "అక్షరాల సంగతి నేను ఇందాకే చూశాను. నువ్వు చూస్తావా లేదా అనే ఆగాను. తన నాణేన్ని తనే కొట్టిపారేసినవాణ్ణి మాత్రం ఇదే చూడటం. ఏదీ, ఆ డ్రయ్యర్ ఎక్కడ?"

సంఘం మొత్తం మా లాండ్రీకి తరలివచ్చింది. పెద్దపెద్దవాళ్లంతా వంతులవారీగా డ్రయ్యర్‌లోకి తలలు దూర్చి చూశారు. తాతగారైతే జేబులోంచి కొత్త నాణెం ఒకటి తీసి, "దీన్ని కూడా వేసి చూద్దామమ్మా" అన్నారు.

"తమరు పెద్దవారు కాబట్టి మర్యాదగా చెబుతున్నా" అంది అత్తయ్య, గరిటె పట్టుకున్నట్టు ఇస్త్రీపెట్టె పట్టుకుని. "నా మెషిన్‌లో చిల్లర వేస్తే తమర్ని కూడా అందులోనే వేస్తాను."

తాతగారు గబుక్కున నాణెం దాచేసి, మళ్లీ డ్రమ్ములోకి తల దూర్చారు. లోపల్నుంచి ఆయన గొంతు గుయ్యిమని మోగింది.

"అబ్బాయ్, వచ్చే ఆదివారం కాస్త ముందొచ్చి హాల్లో కుర్చీలు వెయ్యి. కొత్తగా చేరినవాడే వెయ్యాలి మా సంఘంలో."

మా ఆయన నావైపు తిరిగి, అత్తయ్య చూస్తోందన్న ధ్యాసే లేకుండా, "విన్నావా? కుర్చీలు! నేనే వెయ్యాలట!" అంటూ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు.