నా మూడు నీలం కుట్లు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఏ అక్షరం కింద ఏ ఒత్తు పడాలో నాకు ఇప్పటికీ సరిగా పట్టుబడలేదు. అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. నెమ్మదిగా రాసింది కదా, ఈపాటికి కోపం చల్లారి ఉంటుందని అనుకోకండి. చల్లారలేదు.

పెద్దాసుపత్రి లాండ్రీలో నేను ఇరవై రెండేళ్ళు పని చేశాను. మా ఆయన అక్కడే బాయిలర్ చూసేవాడు. ఆయన పోయాక నన్ను తీసుకుని ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబెట్టారు. పొద్దస్తమానం ఆ పొగలో ఉంటానని కొందరు, నోరు తెరిస్తే సెగ కొడుతుందని కొందరు, నాకు ఆవిరత్త అని పేరు పెట్టారు. మూడో ఏటికల్లా నా అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

మా లాండ్రీలో ఒక పద్ధతి ఉండేది. ఉతికి, ఇస్త్రీ చేసి, మడిచిన దుప్పట్ల మూటని ఎవరు కడితే వాళ్ళు దాని మూల మీద తమ దారంతో ఒక గుర్తు కుట్టాలి. నాది మూడు నీలం కుట్లు, చివర ఒక ముడి. అక్కడే పనిచేసే మా కోడలిది పసుపుపచ్చ అడ్డగీతలు రెండు. వార్డులో మూట విప్పినప్పుడు మరక కనబడితే గుర్తు చూసి ఆ మనిషికే వెనక్కి పంపుతారు. ఒకరి గుర్తు ఇంకొకరు విప్పకూడదు. సూపర్‌వైజర్ కూడా ముట్టుకోడు. విప్పనిస్తే ఒకరి మరక ఇంకొకరి నెత్తిన పడుతుంది కదా. అరవై మంది ఆడవాళ్ళం తన్నుకోకుండా పనిచేశామంటే ఆ దారం పుణ్యమే.

రెండున్నరేళ్ళ కిందట ఎన్నికలు వచ్చాయి. అధికార పార్టీ మా లాండ్రీని ఒక కంపెనీకి అప్పగిస్తామని తిరుగుతోంది. వాళ్ళ మీద మా ఆసుపత్రిలో ఒకప్పుడు మందులు కలిపిన కాంపౌండర్ నిలబడ్డాడు. మా మనిషే. మాలో సగం మంది పిల్లల దగ్గుకి అతని చేతి మందే. లాండ్రీ జోలికి ఎవరొచ్చినా అడ్డంగా పడుకుంటానన్నాడు. మేమంతా అతనికే వేస్తామని ఒక కాగితం రాసిద్దామనుకున్నాం. కానీ సంతకం వచ్చినవాళ్ళు పదిమంది కూడా లేరు. వేలిముద్ర వేయడానికి మిగతావాళ్ళకి నామోషీ. చివరికి పాతబడి తీసేసిన తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి, అరవై మందిమీ ఎవరి గుర్తు వాళ్ళం దాని మీద కుట్టాం. నాది పైవరసలో. నా పక్కన కోడలిది.

పైన రెండు జానల ఖాళీ వదిలాం. "అత్తా, నువ్వు రాత్రి బడికి పోతున్నావుగా, అక్కడ రాయి. లాండ్రీని నిలబెడతానన్నావు కాబట్టి ఓటిస్తున్నాం అని రాయి" అన్నారు అందరూ.

నేను రాయలేదు. బడిలో చేరి అప్పటికి ఎనిమిది నెలలే. నా వంకరటింకర అక్షరాలు అంత పెద్ద మనిషి చూస్తాడని సిగ్గేసింది. పంతులమ్మ చేత తరవాత రాయిద్దాంలే అన్నాను. ఆ తరవాత రానేలేదు. కాంపౌండర్ ఆ దుప్పటిని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఇది నా తప్పు. ముందే ఒప్పేసుకుంటున్నాను.

గెలిచాడు. అతను గెలిచాడు కానీ అతని పార్టీ ఓడింది, పాతవాళ్ళే మళ్ళీ గద్దెనెక్కారు. ఏడాదిన్నర సభలో అరిచాడు. ఒకరోజు పొద్దున్నే రేడియోలో చెప్పారు, కాంపౌండర్ రాజీనామా చేసి ఆ పార్టీలోనే చేరాడని. అదే పార్టీ. మా లాండ్రీని అమ్మకానికి పెట్టినదే. మళ్ళీ ఎన్నిక పెడతారట, ఈసారి వాళ్ళ తరఫున నిలబడతాడట.

మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికి వస్తూ అతని ఆఫీసు ముందు ఆగాను. అంతకుముందు అది చెప్పుల కొట్టు. ముందంతా అద్దాలు. లోపల అతని కుర్చీ వెనక, గోడ నిండా మా దుప్పటి. మేము వదిలిన ఖాళీలో ఎవడో రంగుతో ఇంతింత అక్షరాలు రాశాడు. కూడబలుక్కుని చదివాను. "మా నాయకుడు ఎటు వెళితే మేమూ అటే. లాండ్రీ ఆడపడుచులు."

చదువొస్తే కళ్ళు తెరుచుకుంటాయని పంతులమ్మ అనేది. ఆ రోజు నాకు కళ్ళు మండాయి.

ఇంటికొచ్చి కోడలికి చెప్పాను. అది కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

"తెలుసు అత్తయ్యా. మొన్న చూశాను."

"చూసి నోరు మూసుకున్నావా?"

"ఏం చేయమంటావు? ఏడాదిన్నర అవతల కూర్చుని అరిచాడు. గోడకి చెప్పినట్టయింది. ఇప్పుడు లోపలికి వెళ్ళాడు, లోపలివాడి మాట చెల్లుతుంది."

"దొంగల్ని పట్టుకుంటానని పోయి దొంగల పంక్తిలో విస్తరేసుకున్నాడే వాడు!"

"ఆకలేసినవాళ్ళకి పంక్తి ఎవరిదైతే ఏం?" అంది అది కత్తి పక్కన పెట్టి. "నాకు పర్మినెంటు చేయిస్తానన్నాడు. క్వార్టర్సు కూడా. నీ కొడుకు లారీ ఎక్కితే నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. ఈ కారే కొంపలో పిల్లలతో ఇంకెన్నాళ్ళు? నేను ఆయనకే వేస్తాను. నీ ముందే చెబుతున్నా."

దాని మాట పూర్తిగా తప్పని నేననలేను. వానొస్తే మా ఇంట్లో గిన్నెలు వంటకి మిగలవు, అన్నీ కారే చోటల్లా పెట్టాలి. ఆ కష్టం దానిదీ నాదీ ఒకటే. అదే నాకు ఇంకా మండింది. కప్పు కారుతున్నవాళ్ళకి గొడుగు చూపించి ఓటు పట్టుకుపోవడం ఏం మగతనం?

"అడిగి వెళ్ళాడా? లాండ్రీకి వచ్చి, అమ్మలారా, అవతల ఉండి ఏమీ చేయలేకపోతున్నాను, అటు పోనా అని ఒక్క ముక్క అడిగాడా?" అన్నాను.

"అడిగితే నువ్వు పొమ్మనేదానివా?"

"అననుగా! అందుకే అడగలేదు వాడు."

మర్నాడు షిఫ్టు దిగగానే చిన్న కత్తెర కొంగుకి ముడేసుకుని అతని ఆఫీసుకి వెళ్ళాను. నలుగురైదుగురు మనుషులున్నారు. నన్ను చూసి అతను లేచి నిలబడ్డాడు.

"రా రా, ఆవిరత్తా! ఒరేయ్, టీ చెప్పండి."

"టీ వద్దు. ఒక స్టూలు ఇప్పించు."

"స్టూలెందుకు?"

"నా గుర్తు పైవరసలో ఉంది. అందదు."

వచ్చిన వాళ్ళకి నా కుట్లు చూపిస్తాననుకున్నాడు కాబోలు, మొహం చేటంత అయింది. "చూడండి, వీళ్ళండీ నా బలం" అన్నాడు. ఒకడు స్టూలు తెచ్చాడు. ఇంకొకడు అది కదలకుండా పట్టుకున్నాడు కూడా. నేను ఎక్కి, కత్తెర తీసి, ముడి కింద మొన పెట్టాను.

"అత్తా! ఏం చేస్తున్నావు?"

"నాది నేను తీసుకుంటున్నాను."

"దింపండ్రా ఈ ముసలమ్మని" అన్నాడు స్టూలు పట్టుకున్నవాడు. పట్టు మాత్రం వదల్లేదు, వదిలితే నేను అతని మీదే పడతాను. అద్దాల అవతల అప్పటికే జనం ఆగి చూస్తున్నారు. కాంపౌండర్ చెయ్యెత్తి వాడిని ఆపాడు. మందు కలిపే రోజుల్లో ఏడ్చే పిల్లల దగ్గర వాడే గొంతు తీశాడు.

"అత్తా, పార్టీ అంటే చొక్కా లాంటిది. మురికైతే మారుస్తాం. లోపల మనిషి మారడు."

"ఇరవై రెండేళ్ళు బట్టలుతికినదాన్ని, నాకా చొక్కాల సంగతి చెబుతున్నావు? మార్చుకో, నీ చొక్కా నీ ఇష్టం. జేబులో మా అరవై మందిని వేసుకుపోవడానికి నువ్వెవరివి?"

"ఎక్కడికి వేసుకుపోయాను? పదవి వదిలేసి మళ్ళీ మీ దగ్గరికే వచ్చాను కదా. మళ్ళీ మిమ్మల్నే అడుగుతున్నాను కదా. ఆ మాత్రం కూడా చేయనివాళ్ళు ఎంతమంది లేరు?"

"అడిగేవాడివి జవాబు ముందే గోడకెందుకు కొట్టావు?"

అతను గడియారం చూసుకున్నాడు. నాకు చూపు ఆనదు, కుట్టేమో గట్టిది. ఒక్కో పోగు తీస్తుంటే అందరూ నా మడమల వంక చూస్తూ నిలబడ్డారు. మూడో కుట్టు దగ్గర కత్తెర జారి వేలు తెగింది. కాంపౌండర్ అలవాటు కొద్దీ దూది కోసం సొరుగు తెరిచాడు. "నీ దూది వద్దు" అన్నాను.

పక్కనే కోడలి పసుపుపచ్చ గీతలున్నాయి. ఒక్క మొన ఆనిస్తే తెగిపోయేవి. చెయ్యి వెళ్ళింది కూడా. వెనక్కి తీసుకున్నాను. ఆ పని చేస్తే నాకూ అతనికీ తేడా ఏముంది?

మర్నాడు భోజనాల వేళ మాసిన బట్టలు ఏరే మూగామె లేచి, నా కొంగు నుంచి కత్తెర విప్పుకుని వెళ్ళింది. ఆమె వెనక ఇద్దరు. రెండు రోజుల్లో పదకొండు మంది పోయి తమ గుర్తులు తీసుకొచ్చారు. మూడో రోజు గోడ మీద దుప్పటి లేదు. చిల్లులు కనబడుతున్నాయని మడిచి లోపల పెట్టేశారట.

అయినా గెలిచాడు. బాగానే గెలిచాడు. పన్నెండు దారాలు లేకపోతే ఏ నాయకుడు ఓడాడు? మా వీధిలో వాళ్ళు కూడా అతనికే వేశారు. "మాటమీద నిలబడే రకం కాదని మాకూ తెలుసత్తా, కానీ అందరూ అంతే కదా" అన్నారు. అందరూ అంతే అని మనం వేస్తుంటేనే అందరూ అంతే అవుతున్నారు. ఈ ముక్క వాళ్ళ మొహానే అన్నాను. నవ్వారు.

ఐదో నెలలో లాండ్రీ కంపెనీ చేతికి పోయింది. పెద్ద మిషన్లు తెచ్చారు, మనుషులు అక్కర్లేదన్నారు. దుప్పటి మీద గుర్తు తీసినవాళ్ళూ తియ్యనివాళ్ళూ ఒకే రోజు గేటు బయట పడ్డారు. కాంపౌండర్ అడ్డంగా పడుకోలేదు. రిబ్బను కత్తిరించాడు.

మా కోడలికి మాత్రం మాట నిలబెట్టుకున్నాడు. వార్డులో పర్మినెంటు పని, రెండు గదుల క్వార్టర్సు. సామాను బండిలో ఎక్కించిన రోజు, పిల్లలు అప్పటికే మంచం మీద ఎక్కి కూర్చున్నారు. నా పెట్టె కూడా కోడలే ఎక్కించింది.

"ఎక్కు అత్తయ్యా, ఎండెక్కుతోంది."

"నేను రాను."

"ఇంకా అదే పట్టుదలా? ఓటు గురించి ఇల్లొదులుకుంటారా ఎవరైనా? లోకం నవ్వుతుంది."

"నవ్వనీ. యాభై తొమ్మిది మంది పని తీసి నీకొక్కదానికి కట్టిన ఇల్లది. ఆ గోడకి నేను వీపు ఆనించలేను."

"నేను తప్పు చేశానంటావా అయితే?"

లేదనాలని నోటిదాకా వచ్చింది. దాని పిల్లలు నా వంకే చూస్తున్నారు. "చేశావు" అన్నాను.

నా పెట్టె నేనే కిందకి దింపుకున్నాను. బండి కదిలింది. ఆదివారాలు అది పిల్లల్ని తీసుకుని వస్తుంది. వండుకుని తింటాం, జుట్లు దువ్వుతాను, ఆ సంగతి ఇద్దరం ఎత్తం. ఇంకో రెండేళ్ళలో మళ్ళీ ఎన్నికలు. కాంపౌండర్ మూడో పార్టీ వాళ్ళతో మాట్లాడుతున్నాడని అప్పుడే అంటున్నారు.

ఇట్లు,
ఆవిరత్త, వయసు అరవై ఒకటి. పాత కొంప అద్దె ఒక్కదాన్నే కట్టలేక ఇప్పుడు ఉంటున్నది తాళాలు బాగుచేసే అతని కొట్టు మీద, ఒంటి గదిలో, ఒక్కదాన్నే.