కుప్పం వాచీ

నాకు వాచీల పిచ్చి పట్టింది డెబ్బై ఎనిమిదిలో. పుంగనూరు ఎలిమెంటరీ బడిలో అయ్యోరుగా చేరిన రెండో ఏడు, కువైటు నుంచి వచ్చిన మా చిన్నాయన కొడుకు తన చేతికున్న పాత సీకో తీసి నాకిచ్చాడు. దానికి కీ ఇచ్చే పని లేదు. చెయ్యి ఆడితే చాలు, తనంతట తానే తిరుగుతుంది. ఆ సంగతి తెలిశాక నల్లబల్ల దగ్గర అవసరం లేకున్నా చెయ్యి ఊపుతూ పాఠం చెప్పేవాణ్ణి. పిల్లకాయలు తలలు వంచుకుని నవ్వుకునేవాళ్ళు.

స్విస్ వాచీలు బడి అయ్యోరికి అందేవి కావు. జపాను వాచీలు అందేవి. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు మోజు తీరాక అమ్మేసేవి, మద్రాసు బర్మా బజారులో చేతులు మారినవి. ఒక సిటిజన్, ఒక రికో, ఇంకో సీకో, అట్లా నాలుగయ్యాయి. వాటిని తీసుకుని ప్రతి ఆదివారం మదనపల్లె పోయేవాణ్ణి, నారాయణప్ప అంగడికి. బస్టాండు వెనక సందులో రిపేరు అంగడి ఆయనది. వాచీ వెనక మూత ఎట్లా విప్పాలో, రంగు వేసి కొత్తదానిలా మార్చిన డయలును ఎట్లా పసిగట్టాలో అన్నీ ఆయనే నేర్పాడు.

"నీకెన్ని చేతులుండాయప్పా మునికృష్ణా?" అని ఎగతాళి చేస్తూనే నేర్పేవాడు.

ఆ అంగట్లో ఒక రేకు డబ్బా ఉండేది. రిపేరుకిచ్చి మళ్ళీ రానివాళ్ళ వాచీలు అందులో. ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ, చీటీ మీద పేరు, ఊరు. మిగతా అంగళ్ళవాళ్ళు ఏడాది చూసి అమ్మేసుకునేవాళ్ళు. నారాయణప్ప అమ్మడు. పైగా ప్రతి శుక్రవారం అన్నిటినీ తీసి కీ ఇచ్చేవాడు, కీ లేనివాటిని ఊపేవాడు. ఊరికే పడుంటే లోపల నూనె గట్టిపడుతుందట.

"వాళ్ళు వచ్చే పొద్దుకి అది తిరగతా ఉండాల గదా," అనేవాడు.

అందులోనే నీలం డయలు సీకో ఉంది. వారం పేరు ఒక కిటికీలో ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ పడుతుంది. చీటీ మీద "కదిరప్ప, లారీ, కుప్పం" అని ఉంది. డెబ్బై తొమ్మిదిలో ఇచ్చిపోయాడట. నాకు దాని మీద మనసు పడింది. మూడేళ్ళు ఆయన ప్రాణం తోడేశాను. చివరికి విసుగొచ్చి అన్నాడు:

"కుప్పానికి పోయి విచారించుకోని రా. ఆ మనిషి లేడని తెలిస్తేనే ఇస్తా."

పోయాను. పలమనేరు మీదుగా సగం పూట ప్రయాణం. కుప్పం బస్టాండులో దిగి, కాఫీ తాగి, బెంచీ మీద గంట సేపు కూర్చున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే కదిరప్ప దొరుకుతాడేమోనని భయం. తిరుగు బస్సెక్కి వచ్చేశాను. పిల్లకాయలకు రోజూ నిజం చెప్పమని నేర్పే నోటితోనే నారాయణప్పకు చెప్పాను:

"బెంగుళూరికి ఎళ్ళిపోయినారంటన్నా. యాడుండారో ఎవురికీ తెలీదంట."

ఆయన ఇంకో మాట అడగకుండా చీటీ విప్పి వాచీ నా చేతిలో పెట్టాడు. డబ్బిస్తానంటే పుచ్చుకోలేదు. నేను సిగ్గుపడాల్సింది ఆ రోజే. పడలేదు, సంబరపడ్డాను.

ఎనభై నాలుగులో ఒక ఆదివారం నేను అంగట్లో ఉండగానే ఒకామె వచ్చింది. పేరు రుక్మిణమ్మ. నలిగిపోయిన రసీదు బల్ల మీద పెట్టింది.

"మా ఆయన కదిరప్పది, నీలం వాచీ. లారీ బోల్తా పడి కాళ్ళు పోయినాయప్పా. అయిదేండ్లుగా మంచం మీదే ఉండాడు. పాత చొక్కాయిలో ఇది దొరికినాక ఒకటే పోరు, నా వాచీ తెచ్చియ్యమని."

"యాడుంటారమ్మా మీరు?" అన్నాడు నారాయణప్ప మెల్లగా.

"కుప్పంలోనే. పుట్టినకాడి నుంచీ ఆడే. బస్టాండులో లారీ కదిరప్ప అని యా పిల్లోణ్ణి అడిగినా ఇల్లు సూపిస్తాడు."

ఆయన నా వైపు చూశాడు. ఆ వాచీ అప్పుడు నా చేతికే ఉంది. చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కున్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు, నేను నోరు విప్పుతానని.

"తప్పయిందమ్మా," అన్నాడాయన ఆమెతో. "నేనే ఇంకొకరికిచ్చేసినా. తెప్పించి పంపిస్తా."

ఆమె తిట్టలేదు. ఇంటికి పోయి ఏం చెప్పాలప్పా అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నారాయణప్ప కంటికి భూతద్దం పెట్టుకుని పనిలోకి వంగాడు. రెండు తిట్లు తిట్టినా నాకు బాగుండేది.

తర్వాతి ఆదివారం కుప్పం పోయాను. మొదట అడిగిన మనిషే ఇల్లు చూపించాడు. కదిరప్ప వాచీ చేతికి పెట్టుకుని, చెవి దగ్గర ఊపి చూసుకుని, చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

"కాళ్ళు పోయినా చేతులుండాయి గదప్పా. నేనే ఆడిస్తా దీన్ని!"

రుక్మిణమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఆ పొద్దు అంగట్లో కూర్చోనుండింది ఈయప్పే. మన కోసం ఎతికి తెచ్చినాడు సూడు," అంది మొగుడితో.

"నువ్వు మంచోడివప్పా," అన్నాడు కదిరప్ప. "ఆ ముసిలోడు నమ్మి ఇచ్చినదాన్ని ఎవురికో ఇచ్చేసినాడే! వాడి అంగడికి పోవద్దని మా లారీవాళ్ళందరికీ చెప్పేసినా."

అప్పుడైనా చెప్పాల్సింది. రుక్మిణమ్మ కంచంలో రాగిసంగటి, నంజుకోను చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. మంచివాడన్న మాట చెవికి తియ్యగా ఉంది. తిన్నాను. చెయ్యి కడుక్కుని బస్సెక్కాను.

నేరుగా మదనపల్లె పోయి, వాచీ ఇచ్చేశానని నారాయణప్పకు చెప్పాను. ఆయన కంటికున్న అద్దం తీసి పక్కన పెట్టాడు.

"నిజం చెప్పినావా వాళ్ళకి?"

"లేదన్నా."

"అయితే ఆ నింద ఇంకా నా మీదే ఉండాది."

వచ్చే ఆదివారం పోయి చెప్తానన్నాను. మంచిదప్పా అన్నాడు. ఆ వచ్చే ఆదివారం బడి పనంటూ పోలేదు, ఆ పైది వానంటూ పోలేదు. కుప్పం వైపు లారీలవాళ్ళు ఆ సందులోకి రావడం మానేశారు. ఎనభై ఏడులో ఆయన అంగడి మూసేశాడు. ఆ మూడేళ్ళూ ప్రతి ఆదివారం ఆయన ఎదురుగానే కూర్చున్నాను. పోయి చెప్పినావా అని ఆయన నన్ను ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే పోయేవాణ్ణేమో.