బ్లేడూ చీలా లేని చిత్రిక

తుప్పు తాతకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి కళ్ళు బాగా కనిపిస్తాయి. మనిషి రంగు, చొక్కా రంగు, పాత పనిముట్లు అమ్మే ఆ కొట్టు రంగు అన్నీ ఒకటే. ఆయన కదలకుండా కూర్చుంటే, లోపలికొచ్చిన బేరగాళ్ళు గోడకు వేలాడే రంపాలన్నీ చూసుకుని, కొట్టులో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయేవారట. ఈ మాట చెప్పింది ఆయనే. ఆయన చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేస్తే, నిజం ఉండే వీధిలోకైనా చేరుకుంటాం.

పనిముట్టు చేతికిచ్చినప్పుడు మాత్రం ఆయన నోట అబద్ధం రాదు. అది ఎప్పటిదో, ఎలాంటి చేతిలో అరిగిందో, ఎంత చేస్తుందో ఉన్నదున్నట్టు చెబుతాడు. కాకపోతే విలువ డబ్బుల్లో చెప్పడు. "ఇది జత చెప్పులంత" అంటాడు, "ఇది గోడ గడియారమంత" అంటాడు. డబ్బు ఏటేటా చిక్కిపోతుందనీ, కాళ్ళకు చెప్పులు కావలసిన అవసరం చిక్కదనీ ఆయన వాదన.

అలాంటి మనిషి ఆ ఉదయం, చనిపోయిన తన స్నేహితుడు వడ్రంగి మేస్త్రి పనిముట్లు వాటాలు వెయ్యడానికి ఆయన ఇంటికి వచ్చి, వీధి తలుపుతో కుస్తీ పడుతున్నాడు. వానలకు ఉబ్బిన ఆ తలుపు భుజంతో గుద్దితే గానీ తెరుచుకోదు. గుద్దాడు. తలుపుతో పాటు తనూ లోపలికి వచ్చి పడ్డాడు.

"నిదానం అన్నయ్యా," అంది మేస్త్రి భార్య. "అల్లుళ్ళిద్దరూ తలుపులు చేసేవాళ్ళే. ఇంటి తలుపు మాత్రం ఇలా ఉంది."

"చిన్నవాడు కుర్చీలు గదా చేసేది?"

"ఏదో ఒకటి. చెక్కే గదా."

వంటింట్లో టీ ఇస్తూ ఆమె గొంతు తగ్గించింది. ముందు గదిలో మనుషులున్నారు.

"ఇనుము ఎవరి వాటాకి పోయినా నాకు పట్టదు. నా కూతుళ్ళిద్దరూ మాట్లాడుకోవాలి, అంతే. ఆయన చెక్క నునుపు చేసే చిత్రిక ఉందే, అది మామగారు నాకిస్తానన్నారని పెద్దల్లుడు, కాదు నాకేనని చిన్నల్లుడు. నువ్వు అబద్ధాలకోరువంటే నువ్వని. మొగుళ్ళ వెనకాల ఇవి కూడా చెరో పక్కకి పోయాయి. అక్క వస్తే చెల్లి రాదు, చెల్లి వస్తే అక్క రాదు. ఇవాళ పనిముట్ల పెట్టె పంచుతున్నానంటే గానీ కదల్లేదు. ఇది తేలకుండా లేచారంటే, మళ్ళీ ఆ ఇద్దర్నీ ఒక గదిలో చూస్తానని నాకు నమ్మకం లేదు."

తుప్పు తాత టీలోకి చూశాడు. ఆ చిత్రిక గురించి మేస్త్రి ఒకసారి అన్న మాట ఒకటి ఆయన కడుపులోనూ ఉంది. దాన్ని టీతో పాటు ఇంకాస్త కిందికి తోసి, "పద చెల్లెమ్మా" అన్నాడు.

ముందు గదిలో పనిముట్ల పెట్టె మధ్యలో ఉంది. బల్లకు ఆ చివర అక్క, ఈ చివర చెల్లెలు. మధ్యలో ఒక బస్సు పట్టేంత ఖాళీ. పెద్దల్లుడు భారీ మనిషి, ఒక కాలు మడిచి ఒక కాలు బారచాపి కుర్చీలో వింతగా కూర్చున్నాడు. బక్కపలచటి చిన్నల్లుడు కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఆవిడగారి టీ చల్లారిపోతోందని చెప్పు," అంది చెల్లెలు గోడకేసి చూస్తూ.

"నాకు చల్లగానే ఇష్టమని చెప్పమ్మా," అంది అక్క ఎదురుగోడకేసి చూస్తూ.

"తోడల్లుళ్ళ సంగతి సరే," అన్నాడు తాత నేలమీద చతికిలబడుతూ, "గోడలక్కూడా గొడవలొచ్చేలా ఉన్నాయి."

ఆయన పెట్టె తెరిచాడు. నూనె వాసన, పాత రంపపు పొట్టు వాసన లేచాయి. మేస్త్రే లేచి కూర్చున్నట్టయింది. తాత ఒక్కొక్కటీ తీసి, ముందు కళ్ళు మూసుకుని పిడిని చేత్తో తడిమి, తరవాతే కళ్ళు తెరిచి ఇనుము చూస్తున్నాడు. ఇనుము మొహం లాంటిది, ఏ వేషమైనా వేస్తుంది. పిడి మాత్రం అరిచెయ్యి. ఎవరు పట్టుకున్నారో, ఎంత కష్టపెట్టారో దాచలేదు.

"ఈ ఉలులు మేస్త్రి వాళ్ళ నాన్నవి. పుర్రచేతివాటం. పిడి ఎడమ పక్కకి అరిగింది చూడండి. అన్నీ కలిపి ఒక మంచి సైకిలంత. ఈ సుత్తి జత చెప్పులు. పాతవి."

"ఆ బర్మా కూడా తాతల నాటిదే బాబాయ్," అన్నాడు పెద్దల్లుడు. చెక్కకు బెజ్జాలు వేసే ఆ బర్మా తనే తెచ్చి మామగారికి ఇచ్చాడు.

తాత దాన్ని వెలుగులో తిప్పాడు. "ముసలి తుప్పు కాఫీ గింజలా నల్లగా, చర్మానికి అంటుకున్నట్టు ఉంటుంది. ఇదేమో ఇటుక రంగు, ముట్టుకుంటే వేలికొస్తోంది. తాతల నాటిదేలే, కాకపోతే నువ్వింకా తాతవి కాలేదు."

చిన్నల్లుడు కిసుక్కున నవ్వాడు. బావగారి చెవులు ఎర్రబడడం చూసి చెల్లెలు కూడా టీ కప్పు అడ్డం పెట్టుకుంది.

"ఈ రంపం ఉంది చూశారూ," తాత ఊపందుకున్నాడు, "దీంతో మేస్త్రి కోస్తే దుంగకి తెలిసేది కాదు. పని అయిపోయి ఇంటికెళ్ళాక, అటు పోయేవాడెవడో తుమ్మితే అప్పుడు రెండు ముక్కలయ్యేది. ఇక ఆయన చిత్రిక బ్లేడు సంగతి అడక్కండి. అది పక్కన ఉంటే బట్టలు ఆరేసేవాళ్ళు కాదు. దాని మొహం చూస్తేనే గుడ్డ చిరిగిపోయేది."

పెద్దల్లుడు కుర్చీలో కొంచెం కదిలి, మళ్ళీ కదలకుండా ఉండిపోయాడు.

అప్పుడు తాత చిత్రికను తీశాడు.

చెక్కను నునుపు చేసే ఆ చిత్రిక నల్లబడిన గట్టి కర్ర దిమ్మ. పైన వేళ్ళు ఆనేచోట, బొటనవేలు పట్టేంత గుంట అరిగి ఉంది. తాత తన బొటనవేలు అందులో పెట్టాడు. సరిగ్గా పట్టింది. కాసేపు తియ్యలేదు. తరవాత తిప్పి చూస్తే మధ్యలో నోరు ఖాళీ. చెక్కను గీసే బ్లేడు లేదు. ఆ బ్లేడును కదలకుండా బిగించే చెక్క చీల కూడా లేదు. పళ్ళూడిన ముసలాడిలా నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తోంది చిత్రిక.

దిమ్మ నిండా దుమ్ము. నోట్లో మాత్రం బ్లేడు ఆనిన చోట ఒక చార, చీల దూరిన చోట ఒక చార శుభ్రంగా మెరుస్తున్నాయి. రెండూ ఈ మధ్యే తీశారని తెలియడానికి తుప్పు తాతకు ఇంతకంటే పెద్ద అక్షరాలు అక్కర్లేదు. తల ఎత్తకుండానే అడిగాడు.

"చెల్లెమ్మా, ఈ మధ్య ఇంటికి ఎవరెవరొచ్చారు?"

"ఎవరొస్తారు? మొన్న పెద్దల్లుడుగారు ఇంటి కప్పు కారుతోందేమో చూస్తానని వచ్చారు. నిన్న చిన్నల్లుడుగారు నా మోకాలు ఎలా ఉందో కనుక్కుందామని."

"కారుతోందా?"

"కప్పా? లేదు. మోకాలూ బాగానే ఉంది."

"సంతోషం." తాత చిత్రికను నేలమీద పెట్టాడు. "చీలంటే ఎవరైనా చెక్కుకోవచ్చు, కానీ పాతది పోతే సగం విలువ పోయినట్టే. బ్లేడు పోతే మిగతా సగం. ఇప్పుడిది పొయ్యిలోకి ఒక పూట. ఎవరికీ అక్కర్లేకపోతే నేనే పట్టుకుపోతా, మా ఆవిడ నీళ్ళు కాచుకుంటుంది."

ఆ మాట అనేటప్పుడు ఆయన మనసులో ఓ పిల్లి మెల్లగా లేచి ఒళ్ళు విరుచుకుంది. వీళ్ళు సరేనంటే దిమ్మ తనది. బ్లేడూ చీలా ఎప్పటికైనా తన కొట్టుకే అమ్మకానికొస్తాయి, ఎక్కడికి పోతాయి? కానీ ఆ పిల్లికి పాలు దొరకలేదు. అల్లుళ్ళిద్దరూ ఒక్కసారే లేచారు.

"నా వాటాలో వెయ్యండి."

"కాదు, నా వాటాలో."

పెద్దల్లుడు లేచిన విసురుకు ఎక్కడో గుడ్డ చిరిగిన చప్పుడైంది. ఆయన ప్యాంటు జేబు అడుగు తెరుచుకుని, కాలి వెంబడి ఏదో జారి, ఠంగుమని నేలమీద పడింది. మేస్త్రి బ్లేడు. అంచు తళతళలాడుతోంది.

తుప్పు తాత ఆ బ్లేడునూ, వేలాడుతున్న జేబునూ మార్చి మార్చి చూశాడు. ఆయన చెప్పిన కోతల్లో ఒకటి ఆయన కళ్ళముందే నిజం కావడం ఇదే మొదటిసారి. కాసేపు ఆయనకే నమ్మకం కలగలేదు.

చిన్నల్లుడికి మాత్రం పట్టపగ్గాల్లేవు. "చూశారా, చూశారా అత్తయ్యా? నాకు తెలుసు. నిన్న చూసేసరికే బ్లేడు లేదు. అన్నయ్యే పట్టుకెళ్ళుంటాడని, ఎలా బిగించుకుంటాడో చూద్దామని, చీల నేను తీసి..."

అక్కడ ఆగాడు. ఆగాల్సిన చోటు దాటి చాలా దూరం వచ్చేశానని అప్పుడు తెలిసింది. మెల్లగా చొక్కాలోంచి చీల తీసి బ్లేడు పక్కన పెట్టాడు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను గానీ," అన్నాడు తాత, "అల్లుళ్ళే ఇలా విడిభాగాలుగా పట్టుకుపోవడం ఇప్పుడే చూస్తున్నా."

అంతలో బల్ల ఆ చివర నుంచి అక్క తిరిగింది. గోడకేసి కాదు, నేరుగా చెల్లెలి కేసి.

"మీ ఆయనకి ఉత్త చీల ఎందుకే? పళ్ళు కుట్టుకుంటాడా?"

"మీ ఆయనకి బ్లేడు ఎందుకో నువ్వు చెప్పు ముందు. గడ్డం గీసుకుంటాడా?"

"గీసుకుంటే బాగుండు. వారమైంది గీసి."

చెల్లెలి నోట్లో టీ పొలమారింది. అక్క లేచి వెళ్ళి నెత్తిమీద తట్టింది. తల్లి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది దొంగతనం కాదు బాబాయ్," అన్నాడు పెద్దల్లుడు జేబు పట్టుకుని. "నాకు ఇస్తానన్న వస్తువు నేను తీసుకున్నా."

"నాకు ఇస్తానన్నదీ అదే గదా," అన్నాడు చిన్నల్లుడు.

"ఏమని ఇస్తానన్నాడు? ఆయన మాట చెప్పు, నీ మాట కాదు," అన్నాడు తాత పెద్దల్లుడితో.

పెద్దల్లుడు గుర్తు చేసుకున్నాడు. "పని చేస్తుంటే వచ్చి, భుజం మీద చెయ్యేసి, 'నా తరవాత ఇది నీదేరా...'"

"'...ఎవరికీ చెప్పకు'" అని పూర్తి చేశాడు చిన్నల్లుడు. చేసి, తనే తెల్లబోయాడు.

"చెవి దగ్గరికొచ్చి చెప్పాడా?" అన్నాడు తాత. "బీడీ వాసనతో?"

"అవును. మీకెలా తెలుసు?"

తుప్పు తాత గొంతు సవరించుకున్నాడు. కడుపులోకి తోసిన మాటకు ఇక అక్కడ చోటు లేదు. "నాకూ అలాగే చెప్పాడు గనక. ఇన్నాళ్ళూ నాదేననుకుంటున్నా."

ముందు నవ్వింది మేస్త్రి భార్య. చెంగు ఆపలేకపోయింది. "ఆ మనిషికి లేదనడం చేతనైతేగా. ఎవరి కళ్ళు దానిమీద పడితే వాళ్ళకి ఇచ్చేసేవాడు. మన పాలవాడు కూడా ఒకసారి దాన్ని తెగ మెచ్చుకున్నాడు. వాణ్ణి కూడా అడగండి."

"అంటే అన్నయ్య అబద్ధం చెప్పలేదు," అన్నాడు చిన్నల్లుడు నేలకేసి చూస్తూ.

"నువ్వూ చెప్పలేదు," అన్నాడు పెద్దల్లుడు. "మామగారు కూడా చెప్పలేదు. అందరికీ ఇచ్చాడు, అంతే."

తాత ఈలోగా దిమ్మలో బ్లేడు దించి, చీల దూర్చి, సుత్తితో రెండు చోట్ల సున్నితంగా తట్టాడు. ఒక కన్ను మూసి అడుగు చూశాడు. లేచి వెళ్ళి, ఉబ్బిన వీధి తలుపు అంచు మీద ఒక్క గీత లాగాడు. చిత్రిక నోట్లోంచి పొర సన్నగా, ముక్క తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది.

"ఇప్పుడు చెబుతా వినండి. విడివిడిగా ఇది ఒక పొయ్యి కట్టె, ఒక ఇనప రేకు, ఒక చెక్క పేడు. కలిస్తే ఈ ఇంటి కప్పంత. అందుకని బ్లేడు తీసినవాడి దగ్గరే బ్లేడు, చీల తీసినవాడి దగ్గరే చీల. దిమ్మ మీ అత్తగారి దగ్గర. ఎవరికి పనిపడినా రెండోవాణ్ణి పిలుచుకుని ఇక్కడికి రావాలి. మిగతా పెట్టె చెరి సగం. ఇటుక రంగు బర్మా మాత్రం పెద్దవాడికే, అది వాళ్ళ తాతల నాటిది."

"మరి మీకు?" అంది చెల్లెలు.

"నాకు ఈ పొర." దాన్ని మడతపెట్టి జేబులో వేసుకున్నాడు. "రేపు కొట్టులో చెప్పుకోవద్దూ, ఈ పొర అడ్డం పెట్టుకుని పేపరు చదివానని."

అప్పటికే తలుపు దగ్గర పెద్దల్లుడు ఒక గీత లాగుతుంటే, చిన్నల్లుడు "అలా కాదన్నయ్యా, పైన ఇంకా పట్టేస్తోంది" అంటున్నాడు. ఇదిగో నువ్వు చెయ్యి, కాదు నువ్వే కానీ అనుకుంటూ వంతులేసుకుని లాగేశారు. కాసేపటికి తలుపు చిటికెనవేలితో తోస్తే తెరుచుకుంది. ఇంకాసేపటికి ఊదితే తెరుచుకునేలా అయింది. అక్కాచెల్లెళ్ళు వచ్చి చిత్రిక లాక్కోకపోతే ఇంటికి తలుపే మిగిలేది కాదు.

తాత బయల్దేరుతుంటే మేస్త్రి భార్య గేటు దాకా వచ్చింది. లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి, నలుగురివీ కలిసిపోయి. ఆమె వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, వానలు పోయాక కూడా తలుపు మళ్ళీ ఉబ్బాలంటే ఏం చెయ్యాలి?"

తుప్పు తాత ఈసారి ఒక్క కోత కూడా కొయ్యలేదు.

"పొద్దున్నే అంచు మీద చెంబుడు నీళ్ళు," అన్నాడు. "ముందు వంటింటి తలుపుతో మొదలుపెట్టు. వీధి తలుపులో ఇక తీయడానికేం మిగల్లేదు."