ఊపిరి బిగబట్టమన్న మామ

రసాతలపు చీకటిలో మునిగిన భూదేవిని కోరకొనపై పొదివి పైకి తెచ్చిన ఆదివరాహస్వామికి సాష్టాంగ నమస్కారం. నీటిలోకి దిగేవారికీ, గట్టున నిలిచి ఎదురుచూసేవారికీ ఆ స్వామియే దిక్కు. ఆయనను తలచి ఈ కథ చెబుతున్నాను.

కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో నాగప్ప అనే గొర్రెల కాపరి ఉన్నాడు. ఆయనకు గొర్రెలు కూడు పెట్టాయి, ఈత పేరు తెచ్చింది. పుంగనూరు మొదలు కుప్పం దాకా ఎవరి బావిలో మోటారు జారిపడినా నాగప్పకే కబురు వచ్చేది. నడుముకు మోకు కట్టుకొని, ఒక్క ఊపిరితో అడుగు ముట్టి వచ్చేవాడు. బోర్లు పడి బావులు ఎండిపోయాక ఆ విద్యకు పని లేకుండా పోయింది. అంతకు ముందే దానిని ఒక్కరికి నేర్పాడు. మదనపల్లెలో ఉన్న చెల్లెలి కూతురు తేజస్విని ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి, మోకు తాను పట్టుకొని, వేసవి సెలవులన్నీ ఆమెను బావిలోనే ఉంచాడు.

ఇప్పుడు తేజస్వినికి ఇరవై ఆరేళ్ళు. బెంగళూరులో ఉద్యోగం. స్నేహితురాలు రేఖతో కలిసి కరీబియన్ సముద్రంలోని చిన్న చిన్న దీవులు చూడటానికి వెళ్ళింది. వీపుకు గాలి సీసా కట్టుకొని సముద్రపు అడుగున విహరించే స్కూబా ఈత కూడా ఆ యాత్రలో ఉంది. ప్రతి సాయంకాలం ఇక్కడ గొర్రెలు దొడ్డికి చేరే వేళకు అక్కడ పొద్దెక్కేది, ఫోను మోగేది. తెల్లని ఇసుక, జాజికాయ చెట్లు, తుప్పు పట్టిన ఫిరంగులున్న కోట, అన్నీ ఫోనులోనే చూపించేది.

“మామా, ఈ మేకల్ని సూడు, రోడ్డు మిందనే పండుకోనుండాయి!”

“మేకలా? తోక కిందికి ఏలాడతాండాదే, కనపళ్ళేదా? అవి గొర్రెలు. బొచ్చు లేని జాతి. నా మేనకోడలివై ఉండి గొర్రెను మేకంటావా, సిగ్గుండాదా నీకు?”

భార్య లక్ష్మీదేవమ్మ పక్కనుంచి అందుకుంది. “అంత సముద్రం సూపిస్తాంటే నీ కంటికి గొర్రెలే ఆనినాయా?”

ఐదవనాడు ఫోను పడవ మీదనుంచి వచ్చింది. తేజస్విని నల్లని బిగుతు దుస్తుల్లో, నుదుటిపైకి నెట్టిన అద్దంతో కనిపించింది. చెవినొప్పి కారణంగా రేఖ దిగడం లేదు. ఫోను ఆమె చేతిలోనే ఉంది.

“యాడ మోకు? నడుముకు కట్టలేదే!” అన్నాడు నాగప్ప.

“ఈడ మోకులుండవు మామా. ఈ ఈత నేర్పే సారు కూడా నాతో దిగుతాడు.”

“సరే, బావి మాట మర్సిపోవద్దు. భయమైతే ఊపిరి బిగబట్టు. అడుగు తన్ను. బాణం మాదిరి పైకి రా.”

“నీ మాట మర్సిపోతానా మామా!” అని నవ్వి ఆమె వెనక్కి వాలి నీళ్ళలో పడింది. నురగ లేచింది, అణిగింది.

రేఖ నొచ్చుకుంటూ అంది. “యాల అట్ల సెప్పినావు మామా? నిన్న సారు పదిసార్లు సెప్పినాడు, ఊపిరి బిగబట్టనే కూడదని. సీసాలో గాలి పీలుస్తాం గదా, కింద అది నొక్కుకోనుంటాదంట. పైకొచ్చే కొద్దీ లావైపోతాదంట. బిగబట్టి గబుక్కున పైకొస్తే ఊపిరితిత్తులు సీలిపోతాయంట.”

నాగప్ప ఫోనును ముఖానికి దగ్గరగా లాక్కున్నాడు. “పిలువమ్మా దాన్ని! ఇప్పుడే పిలువు!”

“నీళ్ళలోకి ఎట్ల పిలిసేది మామా?”

అంతలో రేఖ ముఖం ముక్కలు ముక్కలై తెర నల్లబడింది. తిరిగి చేస్తే కలవలేదు. నలభై నిమిషాల మునక అని చెప్పి ఉన్నారు. నాగప్ప దొడ్డి గోడకు చేరబడి కూర్చున్నాడు. ఎన్నో బావుల గట్టున ఏడ్చేవారిని పక్కకు జరిపి దూకిన మనిషి ఆయన. ఈనాడు దూకడానికి బావి లేదు, లాగడానికి మోకు లేదు. అరచేతులు మాత్రం లేని మోకును పట్టినట్లు బిగుసుకున్నాయి.

“అది బుద్ధిమంతురాలు. నువ్వు సెప్పిందే సేస్తాది, భయపడొద్దు,” అంది అప్పుడే ఇంట్లోంచి వచ్చిన లక్ష్మీదేవమ్మ, ఏమీ ఎరుగక.

ఆ మాటకే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “స్వామీ, వరాహమూర్తీ! ఈ ఒక్కపూట ఆ బిడ్డ నా మాట ఇనకుండా సెయ్యి,” అని మొక్కుకున్నాడు. ఇన్నేళ్ళలో అటువంటి మొక్కు ఆయన నోట వచ్చింది లేదు.

గంట దాటాక ఫోను మోగింది. తెరపై తేజస్విని. ముక్కు దగ్గర తువ్వాలు, దానిపై ఎర్రని మరక.

“నువ్వు సెప్పినట్లే సేసినా మామా!” అంది కోపంగా. “అద్దంలోకి నీళ్ళొచ్చినాయి. భయమై ఊపిరి బిగబట్టి తన్నినా. ఆ సారు నా కాలు పట్టుకోని కిందికి లాగినాడు! ఊపిరి ఇడిసేదాకా ఇడిసిపెట్టలా. సంపేస్తాడనుకున్నా! ఆ పెనుగులాటలో అద్దం ఒత్తుకోని ముక్కులో రక్తం గూడా వచ్చింది!”

“ఆయన కాళ్ళకు నా దండమని సెప్పమ్మా,” అన్నాడు నాగప్ప. “నా మాట మర్సిపో.”

“ఎట్ల మర్సిపోయేది? కింద భయమేస్తే నీ గొంతే ఇనపడతాది.”

“అయితే ఇంక దిగొద్దు.”

“రేపు మునిగిపోయిన పాత ఓడ సూపిస్తారంట మామా. నేను బావిలో నీళ్ళు మింగిన రోజు నువ్వేం సేసినావు? ఏడుస్తాన్నా ఇనకుండా మళ్ళా దూకించలా? ఆ పొద్దే దూకకపోతే జన్మలో దూకలేవంటివి గదా!”

నాగప్పకు తాను కట్టిన ముడి తన చేతికే విడివడలేదు. మరునాడు ఆయన పొద్దు వాలకముందే గొర్రెలను దొడ్డికి తోలి, ఫోనును రెండు చేతులా పట్టుకొని, మోగని ఆ తెరనే చూస్తూ కూర్చున్నాడు.

ఈ కథ విన్నవారి బిడ్డలు ఏ నీట మునిగినా ఊపిరితో తేలుదురు గాక. ముఖమెరుగని చేయి ఒకటి వారిని కాచును గాక. వినిన అందరికీ ఆదివరాహస్వామి చల్లని చూపు కలుగును గాక.