నొప్పి తెలియని ముల్లు

2003లో మా వీరమ్మక్కకు షుగరు వచ్చింది. మంగినపూడి ఒడ్డున చేపలు కొని బందరులో అమ్మేది. కాకరకాయలో, మెంతుల్లో షుగరు తగ్గించే పదార్థాలు ఉన్నాయని పేపర్లో చదివి నేనే చెప్పాను. మాత్రలు మాత్రం మానకూడదని చివర్లో రాశారు. ఆ ముక్క చెప్పాలని నాకు తట్టలేదు. అక్క మాత్రలు మానేసి రోజూ కాకర రసం తాగింది.

ఒకరోజు వలల దగ్గర చెప్పుల్లేకుండా తిరుగుతుంటే జెల్ల చేప ముల్లు కాల్లో దిగింది. అది గుచ్చుకుంటే మగాళ్లే ఇసకలో పడి ఏడుస్తారు. అక్క నవ్వుతూ వచ్చి కాలు చూపించింది.

"చూడరా తమ్ముడూ, చీమ కుట్టినట్టు కూడా లేదు! నీ కాకర రసం గట్టిదేరా."

"చెప్పానా మరి?" అని నేనూ పొంగిపోయాను.

పది రోజులకు పాదం నల్లబడింది. ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"షుగరు ముదిరి కాలికి స్పర్శ పోయిందమ్మా. కాకర మంచిదే, మాత్రలెందుకు మానేశావు?" అన్నారు డాక్టరు గారు.

"మింగలేక నేనే మానేశానండీ. మా తమ్ముణ్ణేం అనకండి" అంది అక్క.

మోకాలి కింద కాలు తీసేశారు. పేపర్లోని ఆ చివరి ముక్క ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.